ఎవరి పెరటి వెన్నెల?

అభ్యుదయ సాహిత్య విమర్శలో వెన్నెలకు మొదటినుంచీ మంచి పేరు లేదు. భావకవిత్వం మీద దండెత్తిన తరం చంద్రుణ్ణి కూడా అదే కేసులో ముద్దాయిగా నిలబెట్టింది. వెన్నెల, విరహం, పూలపొద ఒకచోట కనిపిస్తే చాలు, పలాయనవాదమన్న ముద్ర పడిపోయేది. ఆకలితో ఉన్నవాడికి చందమామ ఎందుకని అడిగేవారు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. కాని అడిగినంత తేలికగా జవాబు చెప్పగల ప్రశ్న కాదది. ఎందుకంటే ఈ దేశంలో వెన్నెలను ఎక్కువగా వాడుకున్నవాడు ఆకలితో ఉన్నవాడే. దీపంలో చమురు లేని ఇంటికి నెలలో పది పన్నెండు రాత్రులు డబ్బు పెట్టకుండా దొరికే వెలుగు అది.

అయితే ఆ వెలుగు ప్రేమపాటలోకి ఎవరి చేతుల మీదుగా వచ్చింది? వస్తూ దారిలో ఏమి పోగొట్టుకుంది? ఏమి సంపాదించుకుంది? వెన్నెల పాటను మెచ్చుకునేవారూ తిట్టేవారూ కూడా ఈ సంగతి విచారించినట్టు కనిపించదు. విచారించడానికి హైదరాబాదులో అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతం చాలా అనువైన చోటు. తెలుగు సినిమా వెన్నెల హైదరాబాదులో తయారు కావడం మొదలయింది అక్కడే. ఆ కథకు రావడానికి ముందు వెన్నెల పాత వృత్తి గురించి కొంత చెప్పుకోవాలి.

వెన్నెల మొదట పని వెలుతురు. నూర్పిళ్ళ కాలంలో పున్నమి దగ్గరపడితే కళ్ళంలో పని ఆగేది కాదు. ఎండ తప్పించుకోవడానికి సంతబండ్లు వెన్నెట్లోనే కట్టేవారు. చేనుకాపలాకు పోయినవాడికి వెన్నెలే తోడు. వెట్టి సాగిన పల్లెల్లో ఈ వెలుతురు దొరకు కూడా లాభసాటిగానే ఉండేది. పగలు చాలని చాకిరీని రాత్రిలోకి సాగదీసుకోవచ్చు. జీతగాడి లెక్కలో పున్నమి అంటే మరికొంత పొడుగైన పగలు. "అడవి గాచిన వెన్నెల" అన్న సామెత ఈ అనుభవంలోంచే పుట్టింది. మనుషులు లేనిచోట కాసిన వెన్నెల దండగ అంటున్నాడు పల్లెవాడు. అడవి వెన్నెల అందంగా ఉండదని ఆయన అనలేదు. ఎవరికీ పనికిరాకుండా పోయిందే అని నొచ్చుకున్నాడు. అర్థశాస్త్రం చదువుకున్న మనం ఉపయోగపు విలువ అని దేన్ని అంటామో దాన్ని ఆయన రెండు మాటల్లో చెప్పేశాడు.

పని తరువాత ఆట. పిల్లల వెన్నెలకుప్పల ఆటలో వెన్నెల అందరిదీ. ఆడవాళ్ళ పండుగల్లో కూడా చంద్రుడికి పెద్దపీటే ఉంది. బతుకమ్మ భాద్రపద అమావాస్య నాడు మొదలై ఆశ్వయుజ శుద్ధ అష్టమి దాకా సాగుతుంది. అంటే చీకటి రాత్రితో ఆరంభమై, ఆకాశంలో చంద్రుడు పెరుగుతున్న కొద్దీ వాకిట్లో ఆట కూడా పెరుగుతుంది. ఆంధ్ర ప్రాంతంలో అట్లతద్ది ఆశ్వయుజ బహుళ తదియ నాడు. ఆ రోజు ఆడపిల్లలు తెల్లవారకముందే లేచి, వెన్నెల ఉండగానే వీధుల్లో ఆడతారు, ఊయలలూగుతారు. సాయంత్రం చంద్రుణ్ణి చూసి భోంచేస్తారు. ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. ఒకటి, ఈ వెన్నెలలో ఉన్నది జంట కాదు, గుంపు. రెండు, ఆడపిల్లకు ఇంటి బయట ఆ కాస్త రాత్రి దొరికింది మంచి మొగుడు రావాలనే నోము పేరు మీద. అంత మాత్రపు సెలవుకు కూడా పెళ్ళి అన్న నెపం కావలసి వచ్చింది.

కావ్యాల్లో చంద్రుడి సంగతి వేరు. ఆరణ్యపర్వంలో శరత్కాలపు రాత్రిని వర్ణించిన పద్యమే నన్నయ చివరి పద్యమని సంప్రదాయం చెబుతుంది. ఆ వెన్నెలలో ఇంకా ఊరిగాలి వీస్తూనే ఉంటుంది. ప్రబంధయుగానికి వచ్చేసరికి చంద్రోదయం అష్టాదశ వర్ణనల్లో ఒక అంశమైపోయింది. ఏ కావ్యంలోనైనా ఆ గడి నింపవలసిందే. దానికి జోడుగా చంద్రోపాలంభం. విరహంతో ఉన్న నాయిక చంద్రుణ్ణి దోషిగా నిలబెట్టి తిట్టిపోస్తుంది. మనుచరిత్రలో ప్రవరుడు వెళ్ళిపోయిన తరువాత వరూధిని చేసింది అదే. చెలికత్తెలు చందనం పూస్తూ ఉంటారు, వెన్నెల కాలుస్తూ ఉంటుంది. వెన్నెల ఒంటిని కాల్చాలంటే ఆ మనిషికి మరో పని ఉండకూడదు కదా! నూర్పిడి చేస్తున్న స్త్రీని ఏ కవి చంద్రుడూ కాల్చలేదు, ఆమెకు అంత తీరిక లేదు గనక.

అంతమాత్రాన ఆ పద్యాలను చిత్తుకాగితాలుగా తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. ఒక స్త్రీ తన కోరికను నోరు విప్పి చెప్పుకోవడానికి చంద్రుడి మీద నింద అక్కడ ఒక సాకుగా పనికివచ్చింది. అలంకార శాస్త్రజ్ఞులు అభిసారికల్లో జ్యోత్స్నాభిసారిక అని ఒక తరగతి పెట్టారు. వెన్నెల రాత్రి ప్రియుడి దగ్గరికి పోతూ, ఎవరి కంటా పడకుండా తెల్లచీర కట్టి, తెల్లపూలు పెట్టుకుని వెన్నెలలో కలిసిపోయే స్త్రీ ఆమె. వర్ణనగా ఎంత అందమైనదో సాక్ష్యంగా అంత విలువైనది. ప్రేమించిన మనిషి దగ్గరికి నడవడానికి ఆ స్త్రీ ముందు కనిపించకుండా పోవాలి. వెన్నెల దారీ చూపుతుంది, మనిషినీ పట్టిస్తుంది. ఈ రెండో గుణాన్ని గుర్తుపెట్టుకోవాలి.

హైదరాబాదు ప్రభువులకు కూడా వెన్నెల మీద మక్కువే. చౌమహల్లాలోని నాలుగు మహళ్ళలో ఒకదాని పేరు మహతాబ్ మహల్. మహతాబ్ అంటే చంద్రుడు, వెన్నెల. ఈ నగరం ఇచ్చిన గొప్ప ఉర్దూ కవయిత్రి మహ్‌లఖా బాయి (1768–1824) తన కలం పేరు చందా అని పెట్టుకుంది. ఆమె బిరుదుకు కూడా చంద్రముఖి అనే అర్థం. ఉర్దూలో దీవాన్ కూర్చిన తొలి స్త్రీలలో ఒకరు. ఆ దీవాన్ ప్రతిని 1799లో కెప్టెన్ మాల్కంకు బహుమతిగా ఇచ్చింది. దర్బారు నర్తకి, జాగీర్దారిణి కూడా. అడిక్‌మెట్ ప్రాంతం ఆమె జాగీరు. సమాధి మౌలాలి గుట్ట కింద ఉంది. మన విషయానికి ఈమె ముఖ్యం. దర్బారు స్త్రీని చంద్రుడితో పోల్చి పాడించుకున్నది. ఈమె ఆ పోలికనే సంతకంగా తీసుకుని, తన గజళ్ళ చివర తనకు తానే పెట్టుకుంది. పోల్చబడడం ఒకటి, ఆ పోలిక కింద సంతకం చేయడం మరొకటి. అయితే ఆ సంతకం వెనక జాగీరు శిస్తు ఉన్నదన్న మాట కూడా మరువరాదు.

ఇక పంజగుట్ట వైపు రండి. పంజ్ అంటే అయిదు, గుట్ట తెలుగు. అయిదు గుట్టల చోటని అర్థం చెబుతారు. ఒక్క మాటలో రెండు భాషలు కాపురం చేస్తున్నాయి. దాని దగ్గరే ఒక గుట్ట మీద 1870 ప్రాంతంలో ఫఖ్రుల్‌ముల్క్ కట్టించిన ఇరం మంజిల్. ఇరం అంటే పారశీకంలో స్వర్గోద్యానం. ఆ ఎర్రనేల గుట్టకు ఉన్న తెలుగు పేరుతో శబ్దం కలిసేటట్టు ఆ పేరు పెట్టారంటారు. నూటయాభైకి పైగా గదులు, విందులు, పోలో ఆటలు. 2019లో దీన్ని పడగొట్టి శాసనసభ కట్టాలని ప్రభుత్వం తలపెడితే హైకోర్టు అడ్డుకుంది. అమీర్‌పేట పేరు కూడా అమీరె కబీర్ బిరుదు ధరించిన పాయిగా ప్రభువుల నుంచే వచ్చిందంటారు. ఇంతకీ నేను చెప్పదలచింది ఇది: ఇరవయ్యో శతాబ్దం వచ్చేనాటికి ఈ ప్రాంతపు తోటలు, మేడలు, వాటి మీద కాసే వెన్నెల, అన్నీ ఎవరో ఒక నవాబు పెరట్లోవే.

1920లో హుసేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ విద్యుత్కేంద్రం వచ్చింది. తరువాత అర్ధశతాబ్దంలో కరెంటు మెల్లగా నగరమంతా అల్లుకుంది. చంద్రుడి వృత్తి పోవడం ఇక్కడ మొదలయింది. వీధిదీపం ఉన్నచోట ఎవరూ వెన్నెట్లో బండి కట్టరు, నూర్పిడి చేయరు. వెన్నెల పనిలోంచి తప్పుకున్న కొద్దీ కేవలం అందంగా మిగులుతూ వచ్చింది. మన భావకవిత్వం సరిగ్గా ఈ సంధికాలంలోనే పుట్టింది. కృష్ణశాస్త్రి కృష్ణపక్షం, నండూరి ఎంకి పాటలు రెండూ 1925లో పుస్తకాలుగా వచ్చాయి. భావకవిత్వం అంటే పున్నమి అని మనవాళ్ళు అన్నారు గాని, దాని ప్రధాన గ్రంథం పేరు మాత్రం చంద్రుడు తరిగిపోయే పక్షం! నండూరి ఎంకి పల్లెటూరి మనిషి. నాయుడుబావతో ఆమె మాట్లాడే వెన్నెలలో పల్లెభాష ఉంది, పల్లెపని మాత్రం పలచబడింది. నూతి దగ్గర నీళ్ళు తోడుతున్నప్పటికంటే నిలబడి ఎదురుచూస్తున్నప్పుడే కవికి ఆమె ఎక్కువ నచ్చింది. చదువుకుని ఉద్యోగాల కోసం పట్నాలు చేరిన మధ్యతరగతికి ఇంటి వెన్నెల గుర్తుకు వచ్చిందని అర్థం. ఇది నేరం కాదు, ఒక వర్గం మనసు.

ఈ పరిణామం మనకు మాత్రమే ప్రత్యేకం కాదు. స్పానిష్ భాషలోని పాత ప్రేమపాటలు వెన్నెలకు ప్రపంచ ప్రసిద్ధి. పల్లెకుర్రాళ్ళు రాత్రిపూట గుంపుగా గిటార్లు పట్టుకుని వీధులు తిరుగుతూ, అమ్మాయి కిటికీ కింద పాడే ఆచారాన్ని రోండా అంటారు. దక్షిణాన ఆందలూసియాలో కిటికీలకు ఇనుప ఊచలు. అబ్బాయి బయట, అమ్మాయి లోపల, మధ్య ఊచలు, పైన చంద్రుడు: ప్రేమ వ్యవహారం మొత్తం ఆ ఊచల దగ్గరే నడవాలి. పాటలు వెన్నెలను ఎంత పొగిడినా ఊచలు తీసేయమని అడగవు. అందువల్ల ఆ వెన్నెల తీపిలో ఒక ఇనుపరుచి ఉంటుంది. ఆ భూమి పెద్ద కామందులది, కూలీలకు సొంతానికి సెంటు లేదు. లోర్కా (1898–1936) ఆ జానపద గానం మీద ప్రేమతో పెరిగిన కవి. 1922లో సంగీతకారుడు ఫాయాతో కలిసి గ్రనాదాలో ఆ గానానికి పోటీలు పెట్టించాడు. 1933లో ప్రదర్శించిన "రక్తవివాహం" నాటకంలో ఆయన చంద్రుణ్ణి పాత్రగానే రంగం మీదికి తెచ్చాడు. తెల్లని ముఖం గల కట్టెలు కొట్టే యువకుడి రూపంలో చంద్రుడు వస్తాడు. భూములు కలవడం కోసం కుదిర్చిన పెళ్ళిలోంచి వధువు ప్రియుడితో అడవిలోకి పారిపోయింది. వెతికేవాళ్ళకు వాళ్ళ జాడ చూపించడానికి చంద్రుడు వెలుగు పోస్తాడు. ప్రేమికుల చంద్రుడు ఆస్తి పక్షాన వేగులవాడయ్యాడు. జ్యోత్స్నాభిసారికను భయపెట్టినది కూడా ఇదే గుణం. 1946–51 మధ్య తెలంగాణ పల్లెల్లో రాత్రిపూట నడిచిన దళాలకు కూడా ఈ సత్యం వేరే చెప్పనక్కరలేదు. వాళ్ళకు చీకటే రక్ష. లోర్కాను 1936 ఆగస్టులో ఫాసిస్టులు కాల్చి చంపారు.

అదే 1936లో మెక్సికోలో మరో రకం వెన్నెల కాసింది. కార్దెనాస్ ప్రభుత్వం పెద్ద కామందుల భూములను రైతులకు పంచుతున్న రోజులు. సరిగ్గా అప్పుడే "అయా ఎన్ ఎల్ రాంచో గ్రాందే" అన్న చిత్రం వచ్చి లాటిన్ అమెరికా అంతటా విజయం సాధించింది. అందులో కామందు మంచివాడు, పాలేళ్ళు పాటలు పాడుకునేవాళ్ళు, కిటికీ కింద గానం. భూమి మీద పోతున్న ఎస్టేటు తెర మీద శాశ్వతమైంది. దీనికి కెమెరా పట్టిన గాబ్రియేల్ ఫిగెరోవాకు 1938లో వెనిస్‌లో బహుమానం వచ్చింది. కెమెరా పనితనంలో వంక పెట్టడానికి లేదు. వంకంతా ఆ పనితనం ఎవరి పెరటిని కీర్తించిందన్న దగ్గర ఉంది.

ఈ మెక్సికో ముచ్చట ఎందుకంటే, అమీర్‌పేట కథకు అది మంచి పోలిక. అక్కడి సారథి స్టూడియో వెనక ఉన్నది చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్. 1948లో మద్రాసు రాష్ట్రంలో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. అంతకుముందూ తరువాతా కృష్ణాజిల్లా దివి తాలూకాలో చల్లపల్లి భూముల కోసం కమ్యూనిస్టుల నాయకత్వాన రైతుకూలీలు పోరాడారు. అక్కడ భూమి తగాదాలో పడిన పెట్టుబడి 1950లలో ఇక్కడ అమీర్‌పేటలో స్టూడియో గోడలై లేచింది. హైదరాబాదులోనే పూర్తిగా తీసిన మొదటి తెలుగు చిత్రం "మా ఇంటి మహాలక్ష్మి" 1959లో ఇక్కడినుంచే వచ్చింది.

ఇంతటితో జమీందారు చేసిన సినిమా జమీందారీ సినిమాయే అని తీర్పు చెప్పేస్తే పని తేలిక. కాని చరిత్ర అంత విధేయురాలు కాదు. ఇదే రాజా అండతో నడిచిన సారథి ఫిలిమ్స్, గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వాన 1938లో "మాలపిల్ల", 1939లో "రైతుబిడ్డ" తీసింది. రైతుబిడ్డ మీద జమీందార్లు మండిపడ్డారు, నిషేధం దాకా పోయింది. జమీందారు డబ్బుతో తీసిన చిత్రం జమీందార్లకే గుచ్చుకుంది! మాలపిల్లకు కథ చలానిది, సంభాషణలు తాపీ ధర్మారావువి. అదే తాపీ ధర్మారావు 1943లో తెనాలిలో జరిగిన అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభకు అధ్యక్షుడు. మాలపిల్లలో వాడుకున్న పాటల్లో బసవరాజు అప్పారావు పాటలున్నాయి. ఆయన 1933లోనే చనిపోయాడు. భావకవి పాట, చలం కథ, అభ్యుదయ రచయిత మాట, జమీందారు డబ్బు. ఇన్ని కలిసి అగ్రహారపు బ్రాహ్మణ యువకుడూ మాలపిల్లా ఒకరినొకరు కోరుకోవచ్చునని తెర మీద చెప్పాయి. పలాయనవాదమన్న ముద్ర ఇక్కడ ఎక్కడ వేద్దాం?

నా అభిప్రాయంలో వెన్నెల పాట అసలు విలువ ఇక్కడ పట్టుబడుతుంది. పల్లె వెన్నెలలో గుంపు ఉండేది, జంటకు చోటుండేది కాదు. కులమూ ఆస్తీ కుదిర్చే పెళ్ళిళ్ళ సమాజంలో ఇద్దరు మనుషులు తమంతట తాము ఒకరినొకరు ఎంచుకోవడానికి పగలు స్థలం లేదు. సినిమా వెన్నెల ఆ స్థలం ఇచ్చింది. పాత గ్రామఫోను రికార్డు ఒక ముఖం మీద మూడు నిమిషాల పైచిలుకు పడుతుంది. ఆ మూడు నిమిషాలు ఇద్దరివీ. పాట అయిపోగానే కథ వాళ్ళను తిరిగి పెద్దల చేతికి అప్పగిస్తుంది. చివరి రీలులో తండ్రి ఒప్పుకుంటాడు, ఆస్తి నిలబడుతుంది, అక్షింతలు పడతాయి. పాట అడిగినదాన్ని కథ రద్దు చేస్తుంది. మనం విమర్శించవలసినది ఆ రద్దును. వెన్నెలను తిడుతూ కూచుంటే దాని జోలికే పోము.

మద్రాసు చిత్రాలు రెండింటిని చూడండి. 1955 నాటి "మిస్సమ్మ"లో పింగళి రాసిన వెన్నెల పాటను ఇప్పటికీ పాడుకుంటారు. ఆ పాట చుట్టూ ఉన్న పరిస్థితి మాత్రం మరిచిపోతారు. డిగ్రీలు పట్టుకుని ఉద్యోగాలు లేక తిరిగే ఇద్దరు, ఒక జమీందారు బడిలో భార్యాభర్తలకే పని ఇస్తామంటే, దంపతులుగా నటిస్తున్నారు. నిరుద్యోగం కట్టిన పెళ్ళి అది. వెన్నెల ఆ నటనను క్షణంపాటు నిజం చేస్తుంది. 1957 "మాయాబజార్" ఇంకా ముందుకు పోయింది. పాండవులు రాజ్యం పోగొట్టుకోగానే రేవతికి, బలరాముడికి అభిమన్యుడు చేదయ్యాడు. శశిరేఖను దుర్యోధనుడి కొడుక్కి ఇవ్వాలని చూస్తారు. పడవ పాటలో వెన్నెట్లో షికారు చేస్తున్న శశిరేఖాభిమన్యుల దగ్గరికి పెద్దలు వస్తుంటే కృష్ణుడూ రుక్మిణీ పడవ ఎక్కి వాళ్ళను తప్పిస్తారు. అంత నవ్వులాటలోనూ విషయం ఒకటే: ఆస్తి పోయినవాణ్ణి ప్రేమించిన పిల్లకు వెన్నెల దాక్కునే చోటు. ఆ చిత్రంలో వెన్నెలను తయారుచేసిన ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే. నలుపు తెలుపు చిత్రంలో నీటి మీద ఆ వెలుగు చూసినవాళ్ళకు అది ఫిల్ము మీద మనిషి చేసిన పని అని తోచదు.

తయారుచేసిన అన్నాను కదా, ఆ తయారీ గురించి మన విమర్శ ఎన్నడూ మాట్లాడలేదు. వెన్నెల చాలాసార్లు ఎండే. మిట్టమధ్యాహ్నం సూర్యుణ్ణి వెనక ఉంచుకుని, కటకం ముందు ఎర్ర అద్దం పెట్టి, ఫిల్ము మీద తక్కువ వెలుగు పడేటట్టు చేస్తే ఆకాశం నల్లబడుతుంది, ఎండ వెన్నెలవుతుంది. స్టూడియో లోపలయితే తెరగుడ్డ మీద చంద్రుడు, కార్బన్ కడ్డీలు మండే ఆర్కు దీపాల వెన్నెల. ఆ దీపాలు పొగలు కక్కుతాయి. పైన కట్టిన చెక్కల మీద నిలబడి వాటిని తిప్పే లైట్‌మెన్ చెమటతో తడిసి ముద్దవుతుంటే, కింద నాయిక చల్లగాలికి వణుకుతున్నట్టు నటించాలి. నూర్పిడి కూలీని పనిలో పెట్టిన వెన్నెల పోయి, వెన్నెలను చేయడమే పనిగా గల కూలీ వచ్చాడు. పాటలు చాలాకాలం మద్రాసులోనే రికార్డయి వచ్చేవి. అమీర్‌పేటలో పాడేవాడు లేడు. పెట్టెలోంచి వచ్చే గొంతుకు పెదవులు కదపడం, దీపాలు మోయడం మాత్రమే ఇక్కడి పని. అక్కినేని నాగేశ్వరరావు హైదరాబాదుకు కాపురం మార్చిన తరువాత సారథికి పని పెరిగింది. 1976లో బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియో వచ్చేదాకా ఈ నగరపు వెన్నెలకు అమీర్‌పేటే పెద్ద దిక్కు.

కవుల సంగతి చెప్పకుండా ముగిస్తే అన్యాయం. నిజాం జైలు చూసి వచ్చి 1949లో అగ్నిధార వెలువరించిన దాశరథి 1961 నుంచి సినిమా ప్రేమగీతాలు రాశాడు. 1950లో మహాప్రస్థానం అచ్చయిన ఏడే శ్రీశ్రీ పాటలతో "ఆహుతి" డబ్బింగు చిత్రం వచ్చింది. దీన్ని కొందరు పతనమన్నారు. బతుకుతెరువును పతనమనేవాళ్ళకు బియ్యం ధర తెలియదనుకోవాలి. అయితే వాళ్ళు రాసిన ప్రతి ప్రేమపాటా ఒకే తూకం కాదు. 1962 "గులేబకావళి కథ"లో సి. నారాయణరెడ్డి పాట ఒకటి ప్రియురాలిని దొరసాని అంటుంది. దాని పక్క మాట వన్నె, చాలామంది దాన్ని వెన్నెల అనే పాడుకుంటారు. జనం చెవి దొరసానికి వెన్నెలనే జత చేసింది. పాట మధురంగానే ఉంటుంది. కాని ఆ దొరసాని అన్న మాటకు తెలంగాణ పల్లెలో గడీ గోడల వెనక నిలబడ్డ ఒక నిజమైన అర్థం ఉంది. ఆ గడీల మీద జనం తిరగబడి అప్పటికి పదిహేనేళ్ళయినా కాలేదు. పదిహేనేళ్ళలో అది ముద్దుమాట అయిందంటే పోరాటం గెలిచిందనుకోవాలా, మరుపు గెలిచిందనుకోవాలా? రెండూ కొంత కొంత నిజమేనని నాకు తోస్తుంది.

మఖ్దూం మొహియుద్దీన్ దారి ఇంకొకటి. కార్మిక నాయకుడు, అజ్ఞాతవాసం చేసిన కమ్యూనిస్టు, మల్లెపందిరి కింద ఇద్దరు ప్రేమికుల మీద రాసిన కవిత 1964లో "చాచాచా" చిత్రంలో పాటయింది. చాంద్ తారోఁ కా బన్ అన్న ఆయన కవిత పేరులో చంద్రుడూ నక్షత్రాలూ ఉన్నా, విషయం స్వాతంత్ర్యం: రాకముందు, వచ్చిన తరువాత, ఇక ముందు. ఒకే కవికి వెన్నెల రెండు పనులూ చేసింది. ప్రేమకు వేరే చంద్రుడు, విప్లవానికి వేరే సూర్యుడు అని ఆయన పంపకాలు పెట్టుకోలేదు.

ఆయన 1969లో చనిపోయాడు. 1982లో సాగర్ సర్హదీ "బాజార్" చిత్రంలో ఆయన గజల్ ఒకటి ఖయ్యాం స్వరంతో వచ్చింది. రాత్రి గురించి, పూల గురించి ఎంతో సుకుమారమైన గజల్. చిత్రకథ మాత్రం హైదరాబాదు పేద ముస్లిం కుటుంబాల ఆడపిల్లలను డబ్బుకోసం గల్ఫ్ నుంచి వచ్చిన ధనికులకు పెళ్ళి పేరుతో అమ్మడం గురించి. ఆ గజల్ పాడుకున్న పిల్లే ఆ బేరంలో పోతుంది. మామూలు చిత్రాల్లో పాట అడిగినదాన్ని కథ గుట్టుగా రద్దు చేస్తుందని చెప్పుకున్నాం. ఇక్కడ ఆ రద్దు చేసేవాడి చేతిలో ఉన్న డబ్బు సంచీ కూడా కెమెరా ముందుకు వచ్చింది. హైదరాబాదు ప్రేమగీతాల్లో నేను దీన్ని పైవరసలో పెట్టడానికి కారణం అదే.

నేడు అమీర్‌పేట అనగానే సినిమా కంటే ముందు కంప్యూటరు కోర్సుల బోర్డులు, 2017లో వచ్చిన మెట్రో గుర్తుకు వస్తాయి. జిల్లాలనుంచి వచ్చిన వేలమంది ఆడపిల్లలు అమీర్‌పేట, పంజగుట్ట సందుల్లోని హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్నారు, ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు. కిటికీలకు ఊచలుంటాయి. రాత్రి ఫలానా గంట దాటితే గేటుకు తాళం పడుతుంది. మగపిల్లల హాస్టలు గేటుకు అదే గంటకు అంత గట్టిగా తాళం పడదు. చెవిలో తీగలు పెట్టుకుని వాళ్ళు వింటున్న పాటల్లో వెన్నెల దండిగా ఉంది. మేడ మీదికి పోయి చూద్దామంటే మెట్ల తలుపు తాళంచెవి వార్డెన్ దగ్గర ఉంటుంది.